నెమరువేసే జంతువుల జీర్ణక్రియ

నిర్వచనం

మేతను సగం నమిలి మింగి, తీరిక దొరికినప్పుడు ముద్దలుగా నోట్లోకి తెచ్చుకుని మళ్లీ నమిలి మింగే జంతువులను నెమరువేసే జంతువులు అంటారు. ఆవు, గేదె, గొర్రె, మేక, దుప్పి, కృష్ణజింక, అడవిదున్న, జిరాఫీ ఈ కోవలోవి. ఇవన్నీ జంట గిట్టల జంతువులు. ప్రపంచంలో సుమారు 200 జాతులున్నాయి.

వీటి జీర్ణక్రియలో పైకి కనిపించేది నెమరు. అసలు పని జరిగేది లోపల. మేత జఠరానికి చేరకముందే, పొట్టలోని పెద్ద అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలను, ఆపైన ఆ సూక్ష్మజీవులనే పశువు ఆహారంగా వాడుకుంటుంది. గడ్డిలోని సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను ఏ క్షీరదమూ సొంతంగా తయారుచేసుకోలేదు. కాబట్టి పశువుకు మేత వేయడమంటే ముందుగా దాని పొట్టలోని సూక్ష్మజీవులకు మేత వేయడమే. దాణా మోతాదు, పాలలో వెన్న శాతం, కడుపుబ్బరం, విషమేతలు వంటి విషయాలన్నిటికీ ఇదే మూలం.

ఏవి నెమరువేస్తాయి, ఏవి వేయవు

ఒంటె నెమరువేస్తుంది కాని దాని పొట్టలో మూడే అరలుంటాయి. వర్గీకరణలో దాన్ని వేరే ఉపక్రమంలో చేర్చారు. నల్లమల అడవుల్లో ఉండే మూషిక జింకకు కూడా మూడో అర పెరగనే పెరగదు. నెమరు జంతువుల పురాతన శాఖకు మిగిలిన ఆనవాలుగా శాస్త్రజ్ఞులు దాన్ని చూస్తారు. హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఈ జింకలను పెంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు.

కొండముచ్చు, కంగారూ కూడా పొట్ట ముందు భాగంలోనే ఆకులను పులియబెట్టుకుంటాయి. అయినా వాటిని నెమరు జంతువుల్లో లెక్కించరు. గుర్రం, ఏనుగు, కుందేలులో ఈ పని పేగుల చివరి భాగంలో జరుగుతుంది. గుర్రం కూడా పీచునుంచి శక్తి పొందుతుంది గాని, పేగు చివర పెరిగిన సూక్ష్మజీవుల మాంసకృత్తులు చాలావరకు లద్దెతో బయటికి పోతాయి. కుందేలు తన మెత్తని పెంటికలను తానే తిని ఆ నష్టాన్ని పూడ్చుకుంటుంది. నెమరు జంతువులో పులియడం ముందు, జఠరం తర్వాత. అందుకే సూక్ష్మజీవులు కూడా అరిగి రక్తంలో కలుస్తాయి.

పరిశోధన చరిత్ర

కొమ్ములున్న జంతువులకు పొట్టలో నాలుగు అరలుంటాయని అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రాశాడు. స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కొన్రాడ్ పేయర్ 1685లో నెమరుపైనే ఒక గ్రంథం వెలువరించాడు. అయితే ఆ అరల్లో జీవులున్నాయన్న సంగతి 1843లో గాని తెలియలేదు. ఆ ఏడు గ్రూబీ, డెలాఫోన్ అనే ఇద్దరు పొట్టలోని ద్రవంలో ప్రోటోజోవాను సూక్ష్మదర్శినిలో చూశారు.

పీచు పులిసి పుట్టే ఆమ్లాలు పొట్ట గోడ గుండానే రక్తంలోకి వెళతాయని కేంబ్రిడ్జ్‌లో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ బృందం 1944లో గొర్రెలపై రుజువు చేసింది. ఈ అరల్లోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ తగిలితే చాలు, చనిపోతుంది. దాన్ని గాలి సోకకుండా ప్రయోగశాలలో పెంచే పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హంగేట్ రూపొందించాడు. 1966లో ఆయన ప్రచురించిన ‘ది రూమెన్ అండ్ ఇట్స్ మైక్రోబ్స్’ ఈ రంగానికి ఆధార గ్రంథమైంది. శిలీంధ్రాలన్నిటికీ ఆక్సిజన్ కావాలని అప్పటిదాకా అనుకునేవారు. అది లేకుండా బతికే శిలీంధ్రాన్ని 1975లో కాలిన్ ఆర్పిన్ గొర్రె పొట్టలోనే గుర్తించాడు.

నోరు, నాలుగు అరలు

ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు. వాటి చోట గట్టి మెత్త ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లను ఆ మెత్తకు ఆనించి తెంపుకుంటుంది. మేక మాత్రం కదిలే పెదవులతో ముళ్ల మధ్య నుంచి కూడా ఆకు ఏరుకుంటుంది. పెద్ద ఆవు రోజుకు 100 నుంచి 150 లీటర్ల లాలాజలం స్రవిస్తుంది. అందులోని బైకార్బనేట్, ఫాస్ఫేట్ లవణాలు పొట్టలో పుట్టే ఆమ్లాన్ని విరిచేస్తాయి. పశువు ఎంత నమిలితే అంత లాలాజలం ఊరుతుంది. పొడుగు గడ్డి తప్పనిసరిగా పెట్టాలనడానికి ఇదే కారణం.

మొదటి అర రూమెన్. ఇదే అన్నిటికన్నా పెద్దది. పొట్టలో ఎడమ సగమంతా ఇదే ఉంటుంది. పెద్ద ఆవులో 100 లీటర్లకు పైగా పడుతుంది. ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆమ్లత సాధారణంగా 6, 7 పీహెచ్‌ల మధ్య ఉంటాయి. ఆక్సిజన్ దాదాపు ఉండదు. లోపలి గోడకున్న చిన్న చిన్న బొడిపెలు ఆమ్లాలను పీల్చుకుంటాయి. పైన వాయువు, దాని కింద తేలే గడ్డి తెట్టు, అడుగున ద్రవం: ఇలా మూడు పొరలుగా ఉంటుంది రూమెన్ లోపల. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి నొక్కిపెడితే దాని కదలిక చేతికి తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవులో నిమిషానికి ఒకటి, రెండుసార్లు ఆ అల వస్తుంది. పశువైద్యుడు డొక్క మీద స్టెతస్కోప్ పెట్టి వినేది దాన్నే.

రెండో అర రెటిక్యులం. దీని లోపలి పొర తేనెపట్టు గదుల్లా ఉంటుంది. గుండెకు, దీనికి మధ్య పలుచని విభాజక పటలం తప్ప ఏమీ లేదు (చూ. ఇనుము, ప్లాస్టిక్). రూమెన్‌తో కలిసి ఇది ఒకే సంచిలా పనిచేస్తుంది. మూడోది ఒమేసం. దీని లోపల పలుచని మడతలు దగ్గర దగ్గరగా పేర్చి ఉంటాయి. నీటిని, కొన్ని లవణాలను ఇవి పీల్చుకుంటాయి. నాలుగోది అబోమేసం, అంటే అసలు జఠరం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ ఊరేది ఇక్కడే. మనిషి జఠరంతో పోల్చదగినది ఇదొక్కటే. బ్యాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్ కూడా ఇందులో ఉంటుంది.

నెమరు

పశువు మేసేటప్పుడు తొందరగా మింగేస్తుంది. ముతక గడ్డి రూమెన్, రెటిక్యులం గోడలను రాసుకున్నప్పుడు నెమరుకు ప్రేరణ కలుగుతుంది. రెటిక్యులం ఒకసారి అదనంగా ముడుచుకుంటుంది. పశువు గొంతు మూసి ఊపిరి పీల్చే ప్రయత్నం చేయడంతో ఛాతీలో ఒత్తిడి తగ్గి ముద్ద అన్నవాహికలోకి వస్తుంది. అక్కడినుంచి కిందినుంచి పైకి సాగే కండరాల అల దాన్ని నోట్లోకి చేరుస్తుంది. ద్రవాన్ని పిండి మింగేసి, మిగిలిన ముద్దను సుమారు ఒక నిమిషంపాటు 40 నుంచి 60 సార్లు నమిలి తిరిగి మింగుతుంది. కొన్ని క్షణాల విరామం తర్వాత ఇంకో ముద్ద.

గడ్డి మీద ఉన్న ఆవు రోజుకు 6 నుంచి 8 గంటలు నెమరువేస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన ముక్కలే ఒమేసంలోకి దిగుతాయి. తక్కినవి తెట్టులోనే ఉండి మళ్లీ నెమరుకు వస్తాయి. అందుకే వరిగడ్డి పూర్తిగా అరిగి బయటికి రావడానికి రెండు, మూడు రోజులు పడుతుంది. నెమరు ఆగిపోయిందంటే ఏదో జబ్బు మొదలైందని పశుపోషకులు పోల్చుకుంటారు. ఆ అంచనా చాలాసార్లు సరైనదే, ఎందుకంటే జ్వరం, నొప్పి, అజీర్ణం ఏది వచ్చినా ముందు ఆగేది నెమరే.

పులియడం: పీచు నుంచి పాలకు

రూమెన్ ద్రవం ఒక మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా ఉంటాయి. వీటికి తోడు శిలీంధ్రాలు, మీథేన్ తయారుచేసే ఆర్కియా. వీటి పని వేర్వేరు. శిలీంధ్రాలు గట్టి కాడల్లోకి చొచ్చుకుపోయి చీలుస్తాయి. కొన్ని బ్యాక్టీరియా జాతులు సెల్యులోజ్‌ను, కొన్ని పిండిపదార్థాన్ని, కొన్ని మాంసకృత్తులను విడగొడతాయి. ప్రోటోజోవా పిండి రేణువులను, బ్యాక్టీరియాను కూడా మింగుతుంది. లిగ్నిన్ మాత్రం వీటిలో దేనికీ లొంగదు. ముదిరిన చొప్ప లేతదానికన్నా తక్కువ అరగడానికి కారణం అందులో పెరిగిన లిగ్నినే.

పులియగా వచ్చేవి ముఖ్యంగా మూడు బాష్పశీల కొవ్వు ఆమ్లాలు: ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్. పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం వీటినుంచే వస్తుంది. గడ్డి ఎక్కువగా తినే పశువులో ఎసిటిక్ ఆమ్లం వాటా దాదాపు మూడింట రెండు వంతులు. పొదుగులో వెన్నకు ముడిసరుకు ఇదే. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయంలో గ్లూకోజ్‌గా మారుతుంది. తిన్న పిండిపదార్థం చాలావరకు రూమెన్‌లోనే పులిసిపోతుంది గనుక నెమరు జంతువుకు పేగునుంచి అందే గ్లూకోజ్ బహు తక్కువ. పాలలోని లాక్టోజ్‌కు కావలసిన గ్లూకోజ్‌ను కాలేయమే తయారుచేసుకోవాలి.

పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి ధర కడతారు. దాణా పెంచి గడ్డి తగ్గించిన రైతుకు పాలు పెరిగినా వెన్న పడిపోయే సంగతి అక్కడే తెలిసొస్తుంది. దాణాతో ప్రొపియోనిక్ ఆమ్లం వాటా పెరుగుతుంది, ఎసిటిక్ వాటా తగ్గుతుంది, నమలడం తగ్గి లాలాజలమూ తగ్గుతుంది. పీచును విడగొట్టే బ్యాక్టీరియా ఆమ్లత పెరిగితే పనిచేయదు. పచ్చిమేతను పిండిలా నూరి పెట్టినా ఇదే ఫలితం; చాఫ్ కట్టర్‌తో రెండు, మూడు సెంటీమీటర్ల ముక్కలుగా నరికితే చాలు.

నత్రజని, మాంసకృత్తులు, విటమిన్లు

మేతలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగాన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాగా విడగొట్టి, దానితో తమ సొంత మాంసకృత్తులను కట్టుకుంటాయి. అవి కొట్టుకుపోయి అబోమేసంలో, చిన్నపేగులో అరుగుతాయి. దీనివల్ల నాసిరకం మేత తిన్న పశువుకూ మంచి రకం మాంసకృత్తులు అందుతాయి. మిగిలిన అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. ఆ యూరియా అంతా మూత్రంలో పోదు. కొంత లాలాజలంతోనూ, రూమెన్ గోడ గుండానూ తిరిగి సూక్ష్మజీవులకు చేరుతుంది. మేతలో నత్రజని కరవైన ఎండాకాలంలో పశువును నిలబెట్టేది ఈ చక్రమే.

ఫిన్లాండ్ రసాయన శాస్త్రజ్ఞుడు, 1945 నోబెల్ గ్రహీత ఆర్తూరి విర్తానెన్ దీన్ని కడదాకా పరీక్షించాడు. మేతలో మాంసకృత్తులు లేకుండా చేసి, యూరియా, అమ్మోనియం లవణాలనే నత్రజనికి ఆధారంగా ఇచ్చి ఆవులను పోషించాడు. అవి ఈనాయి, పాలిచ్చాయి. ఆ ఫలితాలు 1966లో వెలువడ్డాయి.

బి విటమిన్లను, కె విటమిన్‌ను కూడా రూమెన్ సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. బి12కు కోబాల్ట్ కావాలి. నేలలో అది లోపించిన ప్రాంతాల్లో మేసే గొర్రెలు కడుపునిండా తింటూనే చిక్కిపోతాయి.

సూక్ష్మజీవులు, విషాలు

రూమెన్ కొన్ని విషాలను విరిచేస్తుంది, కొన్నిటిని విడుదల చేస్తుంది. రెండింటికీ తెలుగు రైతులు ఎరిగిన ఉదాహరణలున్నాయి.

సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు సమృద్ధిగా ఉంటాయి, మైమోసిన్ అనే విషపదార్థమూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులకు వెంట్రుకలు రాలేవి, గొంతు గ్రంథి వాచేది, ఎదుగుదల ఆగేది. హవాయిలో అదే ఆకు మేకలకు ఏ హానీ చేయడంలేదని రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. తేడా మేకల్లో కాక వాటి రూమెన్ సూక్ష్మజీవుల్లో ఉండాలని ఊహించి, 1980లలో హవాయి మేకల రూమెన్ నుంచి తెచ్చిన బ్యాక్టీరియాను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించి చూశారు. విషలక్షణాలు పోయాయి. ఆ బ్యాక్టీరియాకు 1992లో సినర్జిస్టిస్ జోన్సియై అని ఆయన పేరే పెట్టారు. పశువు ఏది అరిగించుకోగలదన్నది దాని జాతి ఒక్కటే నిర్ణయించదని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగం ఈ రంగంలో మరొకటి కనిపించదు. మన దగ్గర సుబాబుల్‌ను పచ్చిమేతలో మూడో వంతుకు మించకుండా కలపమని పశుపోషణ నిపుణులు చెబుతారు.

రెండో ఉదాహరణ నాము. జొన్న కోసిన మోళ్లకు వాన పడగానే మళ్లీ మొలిచే లేత పిలకల్లోనూ, బెట్టకు గిడసబారిన లేత పైరులోనూ ధురిన్ అనే పదార్థం ఉంటుంది. రూమెన్ సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగానే హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. పశువు ఆయాసపడి, వణికి, నిమిషాల్లో కూలిపోవచ్చు. వెంటనే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్లు పడితే బతికే అవకాశముంది. జొన్న పూతకు వచ్చాక కోసి మేపడం క్షేమం.

దూడ పొట్ట

పుట్టిన దూడలో అబోమేసమే పెద్దది, రూమెన్ చిన్నది, పని మొదలుపెట్టనిది. దూడ పాలు చీకేటప్పుడు అన్నవాహిక చివర ఒక గాడి మూసుకుని గొట్టంలా మారి, పాలను రూమెన్‌లో పడనీయకుండా నేరుగా అబోమేసానికి చేరుస్తుంది. అక్కడ రెనిన్ అనే ఎంజైమ్ పాలను గడ్డకట్టిస్తుంది. గాడి సరిగా మూసుకోనప్పుడు పాలు రూమెన్‌లో చేరి పులిసి దూడకు అజీర్తి, విరేచనాలు పట్టుకుంటాయి.

ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థాలు పేగు గోడను యథాతథంగా దాటగలిగేది పుట్టిన మొదటి 24 గంటల్లోనే. అందులోనూ మొదటి కొన్ని గంటలు మరీ ముఖ్యం. మాయ పడేదాకా ముర్రుపాలు తాగించకూడదని ఆపడం దూడకు నష్టమే. రెండో వారం నుంచి కొద్దికొద్దిగా దాణా, లేత గడ్డి అలవాటు చేస్తే వాటినుంచి పుట్టే బ్యుటిరిక్ ఆమ్లం రూమెన్ బొడిపెలను పెంచుతుంది. సూక్ష్మజీవులు తల్లి నాకడం ద్వారా, మేత ద్వారా, తోటి పశువుల ద్వారా చేరతాయి.

త్రేన్పు, మీథేన్

పులియడంలో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ పుడతాయి. ఆర్కియా ఈ రెండింటినీ కలిపి మీథేన్ చేస్తుంది. హైడ్రోజన్‌ను ఇలా తీసేయకపోతే పులియడమే మందగిస్తుంది, కాబట్టి మీథేన్ రూమెన్ అవసరం కూడా. పెద్ద ఆవు రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేన్‌ను, ఎక్కువగా త్రేన్పుతోనే, వదులుతుంది. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం ఇలా పోతుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 28 రెట్లు.

దీన్ని తగ్గించే ప్రయత్నాల్లో ఎర్ర సముద్రనాచు అస్పరగాప్సిస్, 3-నైట్రాక్సీప్రొపనాల్ అనే రసాయనం ప్రధానమైనవి. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ టానిన్లున్న మొక్కల పదార్థాలతో ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమాన్ని రూపొందించింది. నాసి మేతపై బతికే పశువు ఒక లీటరు పాలకు ఎక్కువ మీథేన్ వదులుతుంది. కనుక మన పరిస్థితుల్లో మేత నాణ్యత పెంచడమే మొదట చేయవలసిన పని.

మేత మార్పు, జబ్బులు

కొత్త మేతకు తగ్గట్టు సూక్ష్మజీవుల జనాభా మారడానికి 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఆ గడువు ఇవ్వకుండా మేత మార్చడంవల్లనే చాలా జీర్ణ సమస్యలు వస్తాయి.

పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో మిగిలిన అన్నం పశువులకు కుమ్మరించడం వీటిలో ప్రమాదకరమైనది. పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పీహెచ్ 5 కన్నా కిందికి పడిపోయి రూమెన్ కదలిక ఆగుతుంది, ఒంట్లోని నీరు రూమెన్‌లోకి లాక్కుపోతుంది. పశువు పడుకుని లేవలేకపోతుంది. వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి. వంటసోడా తాపించడం, సెలైన్ ఎక్కించడం, తీవ్రమైతే రూమెన్ తెరిచి ఖాళీ చేయడం చికిత్సలు.

లూసర్న్, బర్సీమ్ వంటి లేత పప్పుజాతి మేత ఎక్కువైతే వాయువు నురగలో చిక్కుకుని త్రేన్పు రాదు. ఎడమ డొక్క పొంగి ఊపిరాడదు. నూనె తాపితే నురగ విరుగుతుంది. ప్రాణం మీదికి వస్తే వైద్యుడు డొక్కలో ట్రోకార్ గుచ్చి వాయువు తీస్తాడు. ముందుగా కొంత ఎండుగడ్డి వేసి తర్వాత పచ్చిమేత మీదికి వదిలితే ఈ ఉబ్బరం చాలావరకు రాదు.

వరిగడ్డి, దాని మెరుగుదల

2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవుజాతి పశువులు, దాదాపు 11 కోట్ల గేదెలు, దాదాపు 15 కోట్ల మేకలు, 7 కోట్లకు పైగా గొర్రెలు ఉన్నాయి. గొర్రెల్లో తెలంగాణ మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో నిలిచాయి. మనిషి తినలేని గడ్డి, చొప్ప, తవుడు, చెక్కలను పాలుగా, మాంసంగా మార్చేది ఈ పశుసంపదే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో పశువుల ప్రధాన మేత వరిగడ్డి. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే. మేతలో అవి 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులు సరిగా పెరగవు, పీచు అరగదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పట్టా కప్పి మూడు వారాలు గాలి చొరకుండా మాగవేస్తే అమ్మోనియా గడ్డిని మెత్తబరుస్తుంది, నత్రజనీ పెరుగుతుంది. తీశాక కాసేపు ఆరబెట్టి పెట్టాలి. యూరియాను నీళ్లలో, కుడితిలో కలిపి తాపితే అమ్మోనియా ఒక్కసారిగా రక్తంలో చేరి పశువు చనిపోతుంది. రూమెన్ ఎదగని దూడలకు ఈ గడ్డి పెట్టకూడదు.

ఇనుము, ప్లాస్టిక్

ఆవు, గేదె మేతను ఏరుకుని తినవు. గడ్డిలో కలిసిన మేకులు, తీగముక్కలు మింగేస్తే బరువుకు రెటిక్యులంలో దిగబడతాయి. అది ముడుచుకున్న ప్రతిసారీ కాస్త కాస్త ముందుకు గుచ్చుకుని ఒక్కోసారి గుండె పైపొరను చేరతాయి. గంగడోలు దగ్గర నీరుదిగిన వాపు, వాలు దిగడానికి వెనకాడడం దీని గుర్తులు. కొన్ని దేశాల్లో ముందుజాగ్రత్తగా పశువుతో చిన్న అయస్కాంతాన్ని మింగిస్తారు.

పట్టణాల్లో తిరిగే పశువుల రూమెన్‌లో పేరుకునేది ప్లాస్టిక్. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కట్టి పారేసిన సంచులను అవి సంచితో సహా మింగుతాయి. సంచులు పీటముడిలా చుట్టుకుని ఒమేసం దారిని మూసేస్తాయి. పశువు చిక్కిపోతుంది గాని కడుపు నిండుగానే కనిపిస్తుంది. శస్త్రచికిత్సల్లో ఒక్కో ఆవు పొట్టనుంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. ఈ సమస్యపై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఉంది. రూమెన్‌లోని ఏ సూక్ష్మజీవీ పాలిథీన్‌ను అరిగించలేదు, నెమరు దాన్ని నలగగొట్టలేదు, ఏ మందూ కరిగించలేదు. పొట్ట కోసి తీయడం ఒక్కటే మార్గం. మిగిలిన ఆహారాన్ని సంచిలో కట్టి రోడ్డు మీద పడేయకండి.